మొదలైన నడక ఎందుకు ఆగిపోతుంది?

కొత్త సంవత్సరం మొదటి వారంలో తెల్లవారుజామున ఏ ఊరి పార్కుకైనా వెళ్లి చూడండి. హైదరాబాద్ కేబీఆర్ పార్కు చుట్టూ, విశాఖ బీచ్ రోడ్డు మీద, జిల్లా కేంద్రాల్లోని కాలేజీ గ్రౌండ్లలో కొత్త ముఖాలు, కొత్త బూట్లు కనిపిస్తాయి. శివరాత్రి నాటికి వాళ్లలో చాలామంది కనిపించరు. ఏడాది ఫీజు ఒకేసారి కట్టి జిమ్‌లో చేరినవారు కూడా మూడో నెలకల్లా ఆ దారి మరిచిపోతారు. ఎందుకు మానేశారని అడిగితే దాదాపు అందరి నోటా ఒకటే జవాబు: "బద్ధకం."

ఆ జవాబుతో సరిపెట్టుకుంటే మనిషి తనను తాను తిట్టుకోవడం తప్ప ఒరిగేదేమీ ఉండదు. వ్యాయామం చేసినప్పుడు శరీరంలో ఏం జరుగుతుందో శరీరశాస్త్రం, చేయాలన్న కోరిక ఎలా నిలుస్తుందో, ఎలా జారిపోతుందో మనస్తత్వశాస్త్రం గత డెబ్బై ఏళ్లుగా ఓపికగా పరిశీలిస్తూ వచ్చాయి. ఆ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే చాలామంది ఆగిపోవడానికి కారణం స్పష్టంగా కనిపిస్తుంది. మొదటి రోజుల్లోనే శరీరం మోయలేనంత భారం ఎత్తుకుంటాం. శరీరం మొరాయిస్తుంది, దాని వెనకే మనసూ తప్పుకుంటుంది. కండరానికి సరిపడే మోతాదు తెలుసుకుంటే మనసుకు సరిపడే మోతాదూ తెలిసినట్టే.

ఒకే బస్సు, ఇద్దరు ఉద్యోగులు

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్‌లో గుండెపోటు మరణాలు పెరుగుతున్న రోజులవి. జెరెమీ మోరిస్ అనే వైద్యుడు లండన్‌లో తిరిగే రెండంతస్తుల బస్సుల మీద దృష్టి పెట్టారు. డ్రైవరు, కండక్టరు ఇద్దరిదీ ఒకే బస్సు, ఒకే సంస్థ. జీవన స్థాయిలోనూ పెద్ద తేడా లేదు. డ్రైవరు డ్యూటీ అంతా సీట్లో కూర్చునే గడిపేవాడు. కండక్టరు టికెట్లు కొడుతూ కిందికీ పైకీ తిరుగుతూ రోజుకు 500 నుంచి 750 మెట్లు ఎక్కేవాడు. 1953లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు వచ్చాయి. కండక్టర్లలో గుండెజబ్బు తక్కువగా ఉంది. వచ్చినా ఆలస్యంగా వచ్చింది, వెంటనే ప్రాణం తీయడం కూడా తక్కువే.

డ్రైవర్లు మొదటి నుంచే లావుగా ఉన్నవారేమో అన్న అనుమానం సహజం. మోరిస్ దాన్ని తానే పట్టించుకుని, యూనిఫాంల నడుము కొలతలు కూడా పరిశీలించారు. డ్రైవర్ల ప్యాంట్లు నిజంగానే పెద్దవి. కాబట్టి కొంత తేడా ముందు నుంచీ ఉండి ఉండవచ్చు. అయితే నడిచీ సైకిల్ తొక్కీ ఉత్తరాలు పంచే పోస్ట్‌మన్లను కుర్చీలో కూర్చునే తపాలా గుమస్తాలతో పోల్చినప్పుడూ ఫలితం అదే దిక్కున వచ్చింది. బరువును, పొగతాగే అలవాటును లెక్కలోకి తీసుకుని తర్వాతి దశాబ్దాల్లో అనేక దేశాల్లో చేసిన పరిశీలనలు ఆ సంబంధాన్ని గట్టిపరిచాయి.

ఇక్కడ గమనించాల్సిన సంగతి మరొకటి ఉంది. ఆ కండక్టర్లు జిమ్‌కు వెళ్లలేదు, మైదానంలో పరుగెత్తలేదు. వాళ్ల పని వాళ్లు చేసుకున్నారు, అంతే. ఆరోగ్యానికి మేలు చేసిన ఆ కదలికను ఏమని పిలవాలి?

▣ కలిసిపోయే మాటలు, వేర్వేరు సంగతులు

*శారీరక శ్రమ:* కండరాలు కదిలి, ఊరికే ఉన్నప్పటికంటే ఎక్కువ శక్తి ఖర్చయ్యే ప్రతి కదలికా ఇందులోకి వస్తుంది. నాట్లు వేయడం, ఇల్లు తుడవడం, బస్టాపుకు నడవడం, పిల్లలను ఎత్తుకోవడం అన్నీ శ్రమే.

*వ్యాయామం:* శ్రమలో ఒక భాగం. ముందుగా అనుకుని, ఒక పద్ధతిలో, మళ్లీ మళ్లీ, సామర్థ్యం పెంచుకోవడానికో నిలుపుకోవడానికో చేసేది.

*ఫిట్‌నెస్:* శరీరానికి ఉన్న సామర్థ్యం. దమ్ము, కండబలం, ఎక్కువసేపు పనిచేసే ఓర్పు, కీళ్లు సులువుగా వంగడం, ఒంట్లో కండకూ కొవ్వుకూ ఉన్న పాళ్లు ఇందులో భాగాలు. శ్రమ, వ్యాయామం మనం చేసే పనులు. ఫిట్‌నెస్ వాటివల్ల మనకు మిగిలేది.

*కూర్చుని గడిపే కాలం:* మెలకువగా ఉండి కూర్చునో పడుకునో గడిపే సమయం. ఉదయం గంటసేపు నడిచిన మనిషి కూడా మిగతా రోజంతా కుర్చీకే అతుక్కుపోవచ్చు. అందుకే దీన్ని విడిగా లెక్కిస్తారు.

ఈ తేడాలు తెలిస్తే మన ఇళ్లలో తరచూ వినిపించే ఒక ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. "పొద్దుటి నుంచీ పనిలోనే ఉంటాను, నాకు మళ్లీ వ్యాయామం ఎందుకు?" అని గృహిణులు అడుగుతారు. వారిది నిజమైన శ్రమ, అది తప్పక లెక్కలోకి వస్తుంది. అయితే మిక్సీ, వాషింగ్ మెషిన్ వచ్చాక ఇంటి పనిలో ఎక్కువ భాగం తేలిక స్థాయికి చేరింది. నడుం నొప్పి, అలసట మిగులుతున్నాయి గానీ ఊపిరి వేగం పెంచి గుండెకు పని చెప్పే క్షణాలు తగ్గాయి. అలసిపోవడం, ఫిట్‌నెస్ పెరగడం ఒకటి కావు.

గాలి నుంచి కండరం దాకా

మెట్లెక్కినప్పుడు ఒకరికి ఆయాసం రావడానికీ, మరొకరు మాట్లాడుతూ ఎక్కేయడానికీ మధ్య తేడా ఎక్కడుంది? నదినుంచి పొలానికి నీళ్లు తోడే ఎత్తిపోతల పథకాన్ని ఊహించుకోండి. నదిలో నీళ్లు దండిగా ఉన్నాయి. వాటిని మోటారు తోడాలి, పెద్ద కాలువ మోయాలి, పిల్ల కాలువలు మడిమడికీ చేర్చాలి, చివరికి పైరు వేళ్లు పీల్చుకోవాలి. ఇందులో ఏ ఒక్కటి బలహీనంగా ఉన్నా పైరుకు అందేది తగ్గిపోతుంది.

శరీరంలో నది స్థానంలో గాలిలోని ఆక్సిజన్ ఉంది. ఊపిరితిత్తులు దాన్ని రక్తంలోకి చేరుస్తాయి. మోటారు పని గుండెది. ఊరికే కూర్చున్నప్పుడు అది నిమిషానికి దాదాపు 5 లీటర్ల రక్తం తోడుతుంది. గట్టిగా శ్రమించేటప్పుడు ఆరోగ్యవంతుల్లో అది 20 లీటర్లు దాటవచ్చు. కండరాల నారల మధ్య అల్లుకున్న కేశనాళికలే పిల్ల కాలువలు. చివరికి కండర కణాల్లోని మైటోకాండ్రియా ఆక్సిజన్‌ను వాడుకుని, కొవ్వునూ చక్కెరనూ కదలికకు పనికొచ్చే శక్తిగా మారుస్తాయి.

పూర్తి శ్రమలో ఈ వ్యవస్థ నిమిషానికి గరిష్ఠంగా ఎంత ఆక్సిజన్ వాడుకోగలదో దాన్ని వీవో2 మ్యాక్స్ అంటారు. మనం "దమ్ము" అనేదానికి శాస్త్రం పెట్టిన కొలత ఇది. బ్రిటిష్ శాస్త్రవేత్త ఏ.వి. హిల్ 1920లలో పరుగెత్తేవారి ఊపిరిని సంచుల్లో పట్టి కొలిచిన రోజుల నుంచి ఈ భావన వాడుకలో ఉంది.

క్రమంగా వ్యాయామం చేస్తే ఈ దారి పొడవునా మరమ్మతులు జరుగుతాయి. కొద్ది రోజుల్లోనే రక్తంలో ద్రవభాగం పెరుగుతుంది. వారాలు గడిచేకొద్దీ గుండె ఒక్కో స్పందనకు ఎక్కువ రక్తం తోడుతుంది, అందుకే ఊరికే ఉన్నప్పుడు నాడి నెమ్మదిస్తుంది. కేశనాళికలు కొత్తగా మొలుస్తాయి. మైటోకాండ్రియా కూడా పెరుగుతాయి. అమెరికా శాస్త్రవేత్త జాన్ హాలోజీ 1967లో ఎలుకలను ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తించి, వాటి కండరాల్లో శక్తిని తయారుచేసే ఎంజైముల సామర్థ్యం దాదాపు రెట్టింపయిందని చూపించారు. శిక్షణతో కండర కణం లోపలి యంత్రాంగమే మారుతుందని అలా రుజువైంది.

వాడకపోతే జరిగేది దీనికి తలకిందులు. 1966లో అమెరికాలోని డాలస్‌లో ఐదుగురు ఆరోగ్యవంతులైన ఇరవై ఏళ్ల యువకులను మూడు వారాలపాటు మంచం మీదే ఉంచారు. వాళ్ల వీవో2 మ్యాక్స్ నాలుగో వంతుకు పైగా పడిపోయింది. ఆ తర్వాత శిక్షణ ఇస్తే తిరిగి పుంజుకుంది. ముప్పై ఏళ్ల తర్వాత అదే ఐదుగురిని మళ్లీ పరీక్షించారు. ముప్పై ఏళ్ల వయసు తీసేసిన సామర్థ్యం కంటే మూడు వారాల మంచం తీసేసిందే ఎక్కువ! అంతేకాదు, యాభై దాటిన ఆ వయసులో ఆరు నెలలు క్రమంగా శిక్షణ ఇస్తే, వయసుతో కోల్పోయిన దమ్మును తిరిగి తెచ్చుకోగలిగారు. "ఈ వయసులో ఇంకేం చేస్తాం" అనేవారికి దీనికి మించిన ధైర్యవచనం లేదు.

కాస్త ఎక్కువ భారం, తగినంత విశ్రాంతి

శరీరం పొదుపరి. అవసరం లేని బలాన్ని పోషించదు. అలవాటైన దానికంటే కాస్త ఎక్కువ భారం పడితేనే ఇప్పుడున్నది చాలదని గుర్తించి కొత్త కండను, కొత్త నాళికలను కట్టుకుంటుంది. దీన్ని అధిక భార సూత్రం అంటారు. రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడిన సైనికులకు చికిత్స చేసిన అమెరికా సైనిక వైద్యుడు థామస్ డెలార్మ్, బరువులను కొద్దికొద్దిగా పెంచుతూ వ్యాయామం చేయించి, వాళ్ల కాళ్లకు బలం త్వరగా తిరిగి వస్తుందని చూపారు. ఇవాళ ఫిజియోథెరపీ కేంద్రాల్లో కనిపించే పద్ధతులకు ఆ పని ఒక పునాది.

ఈ సూత్రానికి తోడు మరో మూడు ఉన్నాయి. ఏ పనికి శిక్షణ ఇస్తే ఆ పనికే బలం వస్తుంది: నడకతో దమ్ము పెరుగుతుంది గానీ భుజాలకు బలం రాదు. మానేస్తే వచ్చిందంతా మెల్లగా తరిగిపోతుంది. ఇక మూడోది అందరూ మరిచిపోయేది: శరీరం బలపడేది వ్యాయామం చేస్తున్నప్పుడు కాదు, ఆ తర్వాత తిండి, నిద్ర, విశ్రాంతి దొరికినప్పుడు.

మొదటి నెలలో చాలామందిని దెబ్బతీసేది శరీర భాగాల వేగంలోని తేడా. దమ్ము వారాల్లో మెరుగుపడుతుంది. తొలి వారాల్లో బలం పెరగడానికి ముఖ్యకారణం కండరాలను నాడులు బాగా పనిచేయించడం నేర్చుకోవడమే, కండ పరిమాణం తర్వాత పెరుగుతుంది. కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే స్నాయువులు గట్టిపడటానికి నెలలు పడుతుంది. ఊపిరి సహకరిస్తోంది కదా అని దూరం, వేగం ఒకేసారి పెంచితే మడమ, మోకాలు, పిక్క ముందుగా ఫిర్యాదు చేస్తాయి.

రెండో రోజు పట్టుకునే నొప్పుల గురించి కూడా ఒక మాట. లాక్టిక్ యాసిడ్ పేరుకుపోవడం వల్లే నొప్పి వస్తుందని చాలామంది నమ్ముతారు. శ్రమలో పెరిగిన లాక్టేట్ గంటా రెండు గంటల్లోనే రక్తం నుంచి తొలగిపోతుంది. ఒకటి నుంచి మూడు రోజుల మధ్య బాధించే నొప్పికి మూలం అలవాటు లేని పనిలో, ముఖ్యంగా సాగుతూ బరువు మోయాల్సి వచ్చినప్పుడు కండర నారలకు కలిగే సూక్ష్మమైన గాయాలు. తిరుమల మెట్లెక్కేటప్పుడు ఆయాసం ఎక్కువ, కానీ మెట్ల మీదుగానే దిగివస్తే మర్నాడు తొడలు పట్టేస్తాయి. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే ఒంటి బరువును ఆపుకోవాల్సి రావడమే ఇందుకు కారణం. అదే పని కొన్నాళ్లకు మళ్లీ చేస్తే నొప్పి బాగా తగ్గుతుంది. కండరం అప్పటికే తనను తాను సర్దుకుని ఉంటుంది.

▣ తీవ్రతను కొలిచే మూడు దారులు

*మాట పరీక్ష:* నడుస్తూ మాట్లాడగలుగుతూ, పాట మాత్రం పాడలేకపోతే అది మధ్యస్థ తీవ్రత. నాలుగు మాటలకే ఊపిరి కోసం ఆగాల్సి వస్తే అది అధిక తీవ్రత.

*మెట్:* ఊరికే కూర్చున్నప్పుడు ఖర్చయ్యే శక్తిని ఒక మెట్ అంటారు. 3 నుంచి 6 మెట్‌ల లోపు మధ్యస్థం, అది దాటితే అధికం. చురుకైన నడక మొదటి కోవలోకి, పరుగు రెండో కోవలోకి వస్తాయి.

*బోర్గ్ కొలత:* స్వీడన్ మనస్తత్వశాస్త్రవేత్త గున్నార్ బోర్గ్ తయారుచేసింది. ఎంత కష్టంగా ఉందో 6 నుంచి 20 వరకు ఒక అంకెతో మనమే చెప్పుకోవాలి. దాన్ని పదితో గుణిస్తే ఆరోగ్యవంతుల్లో నాడి వేగానికి దగ్గరగా వచ్చేలా ఆ అంకెలను ఎంచారు.

చక్కెరకు రెండో ద్వారం

మధుమేహం ఇంటింటికీ చేరిన మన ప్రాంతానికి ఈ సంగతి ముఖ్యం. భోజనం తర్వాత రక్తంలో చేరిన గ్లూకోజ్ కండరంలోకి వెళ్లాలంటే గ్లట్4 అనే వాహక ప్రోటీన్లు కణం లోపలి నుంచి ఉపరితలానికి రావాలి. మామూలుగా వాటిని పిలిచేది ఇన్సులిన్. టైప్ 2 మధుమేహంలో ఆ పిలుపు కణానికి సరిగా వినిపించదు. అయితే కండరం ముడుచుకున్నప్పుడు ఇన్సులిన్‌తో సంబంధం లేని మరో మార్గంలో అవే ప్రోటీన్లు పైకి వస్తాయి. భోజనం చేశాక కాసేపు నడిస్తే చక్కెర పెరుగుదల తగ్గడానికి ఇదొక ముఖ్య కారణం. వ్యాయామం తర్వాత ఒకటి రెండు రోజులపాటు కండరాలు ఇన్సులిన్‌కు బాగా స్పందిస్తాయి. మధుమేహులు వరసగా రెండు రోజులకు మించి విరామం ఇవ్వవద్దని వైద్యులు చెప్పేది అందుకే. మందులు, ఇన్సులిన్ వాడేవారు మాత్రం చక్కెర మరీ పడిపోకుండా వైద్యుడి సలహాతోనే శ్రమ పెంచాలి.

మనసు ఎప్పుడు నిలుస్తుంది?

ఇంత మేలు ఉందని తెలిసీ ఎందుకు మానేస్తాం? తెలియడం, కోరుకోవడం, చేయడం, చేస్తూ ఉండటం ఇవన్నీ వేర్వేరు మెట్లు.

1971లో ఎడ్వర్డ్ డెసి అనే మనస్తత్వశాస్త్రవేత్త కాలేజీ విద్యార్థులకు సరదాగా ఉండే చెక్కముక్కల పజిళ్లు ఇచ్చారు. కొందరికి మధ్యలో ఒక్కో పజిల్‌కు డబ్బు చెల్లించి, తర్వాత ఆపేశారు. డబ్బు ఆగాక, ఖాళీ సమయంలో వాళ్లు ఆ పజిళ్లతో గడపడం తగ్గించారు. ఇష్టంగా చేసే పనికి బయటి బహుమతి తోడైతే లోపలి ఇష్టం సన్నగిల్లవచ్చని ఆ ప్రయోగం సూచించింది. తర్వాత రిచర్డ్ రయన్‌తో కలిసి ఆయన ప్రేరణ మీద ఒక సిద్ధాంతం నిర్మించారు. ప్రేరణ నిలవాలంటే మూడు కావాలి: ఈ పని నేనే ఎంచుకున్నానన్న భావన, నాకు చేతనవుతోందన్న అనుభవం, తోటివారితో అనుబంధం.

డాక్టరు భయపెట్టారనో పెళ్లిలో ఎవరో ఒళ్లు చూసి ఏదో అన్నారనో మొదలుపెట్టిన నడక వేరొకరిది. ఆ భయం, ఆ అవమానం చల్లబడగానే కాళ్లు ఆగుతాయి. మనవడితో కలిసి ఆడుకోవాలనో, స్నేహితురాలితో కబుర్లు చెప్పుకోవాలనో, పొద్దుటి గాలి నచ్చిందనో నడిచే నడకకు సొంత కారణం ఉంటుంది.

"చేతనవుతోంది" అన్న అనుభవం గురించి ఆల్బర్ట్ బండూరా 1977లో వివరంగా రాశారు. ఒక పని నేను చేయగలనన్న నమ్మకానికి అన్నిటికంటే బలమైన ఆధారం, ఇదివరకు చేసి గెలిచిన అనుభవమే. మనలాంటివారు చేస్తుండగా చూడటం, నమ్మకస్తుల ప్రోత్సాహం, ఆ సమయంలో ఒంట్లో కలిగే స్థితి తర్వాతి ఆధారాలు.

శరీరశాస్త్రం, మనస్తత్వశాస్త్రం ఇక్కడ కలుస్తాయి. వ్యాయామంలో తీవ్రత ఒక హద్దు దాటి, ఊపిరి అందని స్థితికి చేరితే దాదాపు అందరికీ ఆ క్షణాలు అసహ్యంగా అనిపించడం మొదలవుతుందని పాంటెలైమోన్ ఎకెకాకిస్ వంటి పరిశోధకులు చూపారు. ఏళ్లుగా కదలని మనిషికి ఆ హద్దు చాలా కింద ఉంటుంది. పక్కవాడికి మామూలు నడక అయినది అతనికి యాతన కావచ్చు. మొదటి రోజే పరుగు అందుకుంటే అతనికి మూడు దెబ్బలు తగులుతాయి. ఒళ్లు నొప్పి పడుతుంది, చేతకాలేదన్న అనుభవం మిగులుతుంది, మర్నాడు లేవబుద్ధి కాదు. దానికి బద్ధకం అని పేరు పెట్టుకుంటాం. నిజానికి అది మోతాదు పొరపాటు.

సంకల్పం నుంచి అలవాటుకు

మంచి ఉద్దేశం ఒక్కటే చాలదని 2002లో బ్రిటన్‌లో జరిగిన ఒక ప్రయోగం తేటతెల్లం చేసింది. విద్యార్థులను మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు ఏమీ చెప్పలేదు. ఇంకో జట్టుకు వ్యాయామం వల్ల గుండెకు కలిగే మేలు వివరించారు. మూడో జట్టుకు అది వివరించడంతో పాటు, వచ్చే వారం ఏ రోజు, ఏ వేళకు, ఎక్కడ చేస్తారో రాయించారు. మొదటి రెండు జట్లలో చేసినవారు 40 శాతం లోపే. రాసుకున్నవారిలో 91 శాతం మంది చేశారు. సమాచారం ఇచ్చిన జట్టుకూ ఏమీ ఇవ్వని జట్టుకూ దాదాపు తేడా లేదన్నది మరింత ఆలోచించాల్సిన విషయం.

అలాంటి పని రోజూ ఒకే గుర్తుకు ముడిపడితే, అంటే కాఫీ తాగగానే, పిల్లలు బడికి వెళ్లగానే చేస్తూ పోతే మెల్లగా ఆలోచన అక్కర్లేకుండా జరుగుతుంది. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని పన్నెండు వారాలు గమనించింది. కొత్త పని అలవాటుగా స్థిరపడటానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. ఒక్కొక్కరికీ ఒక్కో లెక్క: 18 రోజుల నుంచి, అంచనా ప్రకారం 254 రోజుల దాకా. గ్లాసు నీళ్లు తాగడం త్వరగా అలవాటైంది, వ్యాయామానికి ఎక్కువ కాలం పట్టింది. ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడలేదు కూడా. ఇరవై ఒక్క రోజుల్లో అన్నీ మారిపోతాయన్న ప్రచారాన్ని నమ్మి ఇరవై రెండో రోజు నిరాశ పడినవారు ఎందరో!

▣ ఎంత చేస్తే చాలు?

పెద్దలు వారానికి 150 నుంచి 300 నిమిషాలు మధ్యస్థ శ్రమ, లేదా 75 నుంచి 150 నిమిషాలు అధిక శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు చెబుతున్నాయి. వారానికి రెండు రోజులైనా కండబలం పెంచే వ్యాయామం ఉండాలి. 65 దాటినవారు పడిపోకుండా నిలదొక్కుకునే వ్యాయామాలను వారానికి మూడు రోజులు చేర్చుకోవాలి. పిల్లలకు రోజుకు సగటున గంట కావాలి. ఒక్కసారికి కనీసం పది నిమిషాలు ఉండాలన్న పాత షరతు ఇప్పుడు లేదు. చిన్న చిన్న ముక్కలు కూడా లెక్కే.

రోజుకు పదివేల అడుగులన్న అంకె 1965 ప్రాంతంలో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన అడుగుల మీటరు పేరు నుంచి ప్రచారంలోకి వచ్చింది. 2019లో అమెరికాలో సగటున 72 ఏళ్ల వయసున్న స్త్రీల మీద వచ్చిన అధ్యయనంలో, రోజుకు సుమారు 2,700 అడుగులు వేసేవారి కంటే 4,400 అడుగులు వేసేవారిలో మరణాల రేటు తక్కువగా కనిపించింది. 7,500 దగ్గర ఆ మేలు పెరగడం ఆగింది.

తప్పు మనిషిదొక్కటేనా?

లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో 2024లో వచ్చిన అంచనా ప్రకారం 2022 నాటికి మన దేశంలో పెద్దల్లో దాదాపు సగం మందికి చాలినంత శారీరక శ్రమ లేదు. స్త్రీలలో అది 57 శాతం, పురుషులలో 42 శాతం. ఇంత తేడాను స్త్రీల ఇష్టాయిష్టాలకు అంటగట్టడం అన్యాయం. వెలుతురు లేని వీధి, ఆక్రమణల్లో చిక్కిన ఫుట్‌పాత్, పొద్దున్నే లేస్తే ఎదురుచూసే వంటిల్లు, ఒంటరిగా నడిచే ఆడవాళ్లను వెంటాడే చూపులు కలిసి ఆ అంకెను తయారుచేశాయి. నేనే ఎంచుకున్నానన్న భావన కలగాలంటే ముందు ఎంచుకునే వీలుండాలి. కాలనీకి ఒక పార్కు, నడవగలిగే రోడ్డు, బడిలో రద్దు కాని ఆటల పీరియడు మందుల షాపుతో సమానమైన ఆరోగ్య సదుపాయాలు. పొద్దుట ఒక గంట ఇంటిపని పంచుకునే భర్త, కొడుకు కూడా ఆ సదుపాయంలో భాగమే.

కొత్తగా మొదలుపెట్టేవారికి ఇదంతా ఒక చిన్న ప్రణాళికగా మారుతుంది. గుండెజబ్బు, ఛాతీ నొప్పి, అదుపులో లేని రక్తపోటు ఉంటే ముందు వైద్యుణ్ని కలవండి. తర్వాత మాట్లాడుతూ నడవగలిగే వేగం ఎంచుకోండి. ఇంకాస్త నడవగలను అనిపించే దగ్గరే ఆపండి. వేళ, చోటు కాగితం మీద రాసుకోండి. వీలైతే ఒక తోడు వెతుక్కోండి. దూరం, వేగం రెండూ ఒకేసారి పెంచవద్దు. కొన్ని వారాలకు కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడకు చేతులు ఆనించి తోయడం వంటి బలాన్నిచ్చే కదలికలు చేర్చండి. ఒక రోజు తప్పితే మర్నాడు వెళ్లండి. తూకం యంత్రం మొదటి నెలలో ఏం చూపినా పట్టించుకోనక్కర్లేదు. రక్తనాళాలు, నాడులు, కణాలు అప్పటికే పని మొదలుపెట్టి ఉంటాయి. ఆ నెలకు ఒకే ఒక్క లక్ష్యం చాలు: రెండో నెలలోనూ నడవాలనిపించేంత హాయిగా నడవడం.